ప్లాటినం కోసం తొలగిన సీసం

మీ వేలికి ఉన్న బంగారు ఉంగరాన్ని ఒక్కసారి చూడండి. దాని మీద ఒక చదరపు సెంటీమీటరు మేర, ఒక్క సెకను కాలంలో, గాలిలోని అణువులు ఎన్నిసార్లు వచ్చి తాకుతాయో లెక్కకట్టవచ్చు. 3 పక్కన 23 సున్నాలు పెడితే ఆ సంఖ్య వస్తుంది. ఇంత తాకిడికీ ఉంగరం చెక్కుచెదరదు, గాలీ మారదు. వచ్చిన అణువు వచ్చినట్టే వెనుదిరిగి ఏదో ఒక దిక్కుకు చెదిరిపోతుంది. ఉంగరం శుభ్రమైన ప్లాటినందైతే కథ వేరు. అక్కడ ప్రాణవాయువు అణువు వెనుదిరగకుండా ఆగిపోవచ్చు, ఆగి రెండు పరమాణువులుగా విడిపోవచ్చు. ఆ విడిపోవడంతోనే గాలిలో అంతవరకూ జరగని రసాయన చర్య మొదలవుతుంది.

రక్తపోటు, మధుమేహం, పిల్లల టీకాలు అంటూ రాసే ఈ వైద్యుడికి లోహాల మీద ఈ మక్కువ ఏమిటని మీరు అడగవచ్చు. గడచిన 50 ఏళ్ళలో ప్రపంచమంతటా పసిపిల్లల రక్తంలో సీసం తగ్గింది. ప్రజారోగ్య చరిత్రలో ఇంత పెద్ద విజయాలు అరుదు. అయితే ఆ విజయానికి బాట వేసినవారిలో వైద్యుల పాత్ర మనం అనుకునేంత పెద్దది కాదు. లోహపు ఉపరితలం మీద వాయు అణువు ఏమవుతుందన్న ప్రశ్నను పట్టుకుని దాదాపు 200 ఏళ్ళు పనిచేసిన రసాయన, భౌతిక శాస్త్రజ్ఞుల పాత్ర అంతకన్నా పెద్దది. ఆ కథే ఇది.

1815లో ఇంగ్లండులోని బొగ్గుగనుల కార్మికుల కోసం రక్షణ దీపాన్ని రూపొందించిన హంఫ్రీ డేవీ, ఆ పని కొనసాగిస్తూ 1817లో ఒక వింతను ప్రకటించారు. బొగ్గువాయువు, గాలి కలిసిన మిశ్రమంలోకి వేడిచేసిన సన్నని ప్లాటినం తీగను దించితే, మంట లేకుండానే తీగ ఎర్రగా వెలుగుతూ ఉండిపోయింది. వాయువు మండుతున్నది, కానీ జ్వాల లేదు. రాగి, వెండి, ఇనుము, బంగారం తీగలతో ప్రయత్నిస్తే ఫలితం రాలేదు. ప్లాటినంతోనూ, దాని దాయాది వంటి పల్లాడియంతోనూ మాత్రమే వచ్చింది. ఆ తరవాత 1823లో జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో డోబెరైనర్ మరో అడుగు ముందుకు వేశారు. స్పంజిలా గుల్లగా చేసిన ప్లాటినం మీదికి గది ఉష్ణోగ్రత వద్దనే హైడ్రోజన్ వాయువును వదిలితే, అది గాలితో కలిసి భగ్గుమని అంటుకుంది. అగ్గిపుల్లలు ఇంకా అంగళ్ళలోకి రాని కాలం అది. డోబెరైనర్ దీపం అనే పేరుతో ఆ సాధనం యూరపు ఇళ్ళలో పొయ్యి ముట్టించుకోవడానికీ, చుట్ట వెలిగించుకోవడానికీ దశాబ్దాల తరబడి ఉపయోగపడింది. ఆయన దాని మీద పేటెంటు తీసుకోలేదు.

ఎందుకిలా జరుగుతున్నదో ఎవరికీ తెలియదు. 1834లో మైకేల్ ఫారడే ఈ విషయాన్ని చేపట్టి రెండు మాటలు చెప్పారు. వాయువులు లోహపు ఉపరితలాన్ని అంటిపెట్టుకోవడం వల్లనే ఈ శక్తి వస్తున్నదన్నది మొదటిది. ఉపరితలం పరమ శుభ్రంగా ఉండాలన్నది రెండోది. వేలి ముద్ర పాటి జిడ్డున్నా ప్లాటినం పనిచేయదు. కొన్ని వాయువులు, ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, ఈ చర్యకు అడ్డుతగులుతాయని కూడా ఆయన గమనించారు. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం. మరుసటి సంవత్సరమే స్వీడన్‌కు చెందిన బెర్జీలియస్ ఇలాంటి చర్యలన్నిటికీ కలిపి ఉత్ప్రేరణ అనే భావాన్ని ప్రతిపాదించారు. పేరు దొరికింది కానీ కారణం దొరకలేదు. వైద్యంలోనూ మాకిది పరిపాటే. కారణం తెలియని జబ్బుకు గ్రీకు పేరు పెట్టి ఊరట చెందుతాం.

గోడను తాకిన అణువు ఏమవుతుందన్న ప్రశ్నను గణితంతో ఎదుర్కొన్నవారు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. తాను మరణించిన 1879వ సంవత్సరంలోనే ఆయన ఒక సమాధానం రాసిపెట్టారు. కొన్ని అణువులు అద్దం మీద పడిన వెలుతురులా, పడిన కోణంలోనే ఎగిరిపోతాయి. తక్కినవి గోడలో కాసేపు చిక్కుకుని, గోడ వేడిని పుచ్చుకుని, ఆ తరవాత బయటపడతాయి. డెన్మార్కుకు చెందిన మార్టిన్ క్నుడ్‌సెన్ 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో చేసిన కొలతలు ఈ రెండో రకానికి బలమిచ్చాయి. అలా బయటపడిన అణువుకు తాను ఏ దిక్కునుంచి వచ్చిందన్న జ్ఞాపకమే ఉండదు, ఎటైనా పోతుంది. ఆ మరుపు వెనుక ఒక అర్థం ఉంది. అణువు ఉపరితలం మీద కొంత కాలం నివసించిందన్నమాట. నివసిస్తే మరేదైనా కూడా జరగవచ్చు.

ఏం జరుగుతుందో విద్యుత్ బల్బు చెప్పింది. ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ 1909లో అమెరికాలోని స్కెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనశాలలో చేరారు. ఆనాటి టంగ్‌స్టన్ బల్బులు కొద్దికాలానికే లోపల నల్లబడేవి. బల్బులో మిగిలిపోయిన గాలే దానికి కారణమనీ, ఇంకా మెరుగైన శూన్యం కావాలనీ అందరూ అనుకునేవారు. లాంగ్‌మ్యూర్ దారి వేరు. గాలిని తీసివేయడానికి బదులు, ఒక్కొక్క వాయువునే కావాలని కొద్దికొద్దిగా లోపలికి పంపి ఏమవుతుందో చూశారు. హైడ్రోజన్ పంపినప్పుడు ఆశ్చర్యం ఎదురైంది. తంతువును బాగా వేడిచేసిన కొద్దీ, లెక్క ప్రకారం పోవలసిన వేడికి ఎన్నో రెట్లు వేడి దాని నుంచి బయటికి పోతున్నది. పీడనం మరీ తక్కువగా ఉంటే హైడ్రోజన్ క్రమంగా మాయమైపోతున్నది! 1912 నాటికి ఆయన సమాధానం తేల్చారు. వేడి టంగ్‌స్టన్‌ను తాకిన హైడ్రోజన్ అణువు రెండుగా విరిగిపోతున్నది. విరగడానికి కావలసిన శక్తిని తంతువు నుంచి లాక్కుంటున్నది. అందుకే అంత వేడి పోతున్నది. విరిగిన పరమాణువులు గాజు గోడకు పోయి అంటుకుంటున్నాయి. అందుకే వాయువు మాయమవుతున్నది. లోహం మీద అణువు విరగడాన్ని ఇంత స్పష్టంగా కొలతలతో నిరూపించడం అదే మొదలు. ఆ దారినే పోయి బల్బు నలుపుకు కారణం మిగిలిన గాలి కాదనీ, ఆవిరవుతున్న టంగ్‌స్టనేననీ గ్రహించి, జడవాయువు నింపిన బల్బును కూడా ఆయన తయారుచేశారు. మన ఇళ్ళలో ఎల్‌ఈడీలు వచ్చేదాకా వెలిగిన పసుపు బల్బు దాని సంతానమే.

1916 నుంచి వెలువడిన వ్యాసాల్లో లాంగ్‌మ్యూర్ లోహపు ఉపరితలాన్ని ఒక చదరంగపు పలకగా చిత్రించారు. గడికి ఒక్క అణువో పరమాణువో మాత్రమే కూర్చోగలదు. అన్ని గడులూ నిండితే, ఒక్క అణువు మందం గల పొర ఏర్పడి, తక్కినవాటికి చోటుండదు. 1922లో ఆయన ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్, ప్రాణవాయువు కలిసే తీరును ఈ పలక సాయంతో వివరించారు. కార్బన్ మోనాక్సైడ్ అణువు విరగదు, నిటారుగా కూర్చుంటుంది, ఒక గడి చాలు. ప్రాణవాయువు విరగాలి, కాబట్టి పక్కపక్కనే రెండు గడులు ఖాళీగా దొరకాలి. ప్లాటినం చల్లగా ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అణువులు గడులన్నీ ఆక్రమించి లేవవు. దాని పాలు ఎంత పెరిగితే చర్య అంత మందగిస్తుంది. ఫారడే చూసిన అడ్డుపాటుకు అర్థం ఇన్నాళ్ళకు తెలిసింది.

ఇక్కడ వైద్యుడిగా నేను ఆగక తప్పదు. నేను కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ఒక పుష్యమాసపు తెల్లవారుజామున ఒక బాలింతనూ బిడ్డనూ నా దగ్గరికి తీసుకువచ్చారు. చలిగాలి తగలకూడదని తలుపులు, కిటికీలు బిగించి, మంచం పక్కన కుంపటి పెట్టారు. తల్లి ఎంత పిలిచినా పలకడంలేదు. పెదవులు నీలం కాలేదు, ఊపిరి ఆడుతున్నట్టే ఉంది. ముసలావిడ ఒకరు ఎందుకో తలుపు తీయబట్టి సరిపోయింది. ప్రాణవాయువు పెట్టాం, మధ్యాహ్నానికి తల్లి కళ్ళు తెరిచింది, బిడ్డా దక్కింది. నిప్పుల్లో పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలిలో అది సగం వదలడానికి నాలుగైదు గంటలు, శుద్ధ ప్రాణవాయువు పెడితే సుమారు గంట, గంటన్నర పడుతుంది. పట్టుకునేది హీమోగ్లోబిన్‌లోని ఇనుప పరమాణువును. ప్లాటినం పలక మీద జరిగినదీ ఇదే: ప్రాణవాయువు కూర్చోవలసిన గడిలో మరొకటి కూర్చుని లేవకపోవడం. క్లోద్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు 1850లలోనే రక్తంలో ఈ స్థానభ్రంశాన్ని గుర్తించారు. లోహం మీద అదే సంగతిని గ్రహించడానికి మరో 60 ఏళ్ళకు పైగా పట్టింది. రెండు శాస్త్రాల వారు ఒకరి పుస్తకాలు మరొకరు తిరగేసి ఉంటే ఇంత ఆలస్యమయ్యేదా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

బంగారం మీద విరగనిది ప్లాటినం మీద ఎందుకు విరుగుతుంది? దీనికి 1932లో లెనార్డ్-జోన్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఇచ్చిన చిత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. మీరు పొలం గట్టును ఊహించుకోండి. గట్టుకు ఇవతల లోతులేని గుంట, అవతల లోతైన బావి. లోహాన్ని సమీపించిన అణువు ముందు గుంటలో దిగుతుంది, అంటే విరగకుండా ఆనుకుని ఉంటుంది. గట్టు దాటగలిగితే బావిలో పడుతుంది, అంటే రెండుగా విడి లోహంతో బంధం కలుపుకుంటుంది. బంగారం మీద గట్టు ఎత్తు ఎక్కువ. ఎక్కలేక అణువు తిరిగి గాలిలోకి చెదిరిపోతుంది. ప్లాటినం, నికెల్ వంటివాటి మీద గట్టు నామమాత్రం. అయితే బావి మరీ లోతైనా చిక్కే, పడింది పైకి రాలేక గడి శాశ్వతంగా నిండిపోతుంది. పట్టు సరిపడా ఉండాలి, విడుపూ ఉండాలి.

నికెల్ మీద హైడ్రోజన్ విరిగినందువల్లనే ద్రవరూపంలోని నూనె గడ్డకట్టి వనస్పతి అయింది. ఆ పని సగంలో ఆగినప్పుడు నూనెలోని బంధం మెలికపడి తిరిగి ముడిపడితే పుట్టేదే ట్రాన్స్ కొవ్వు; 2022 నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి మించనివ్వకూడదు. ఇనుము మీద నత్రజని విరగడం వల్ల ఎరువులు వచ్చాయి. ఫ్రిట్స్ హాబర్ 1909లో ఓస్మియం మీద అమ్మోనియా తయారుచేసి చూపిన తరవాత, 1913లో జర్మనీలోని ఓపావ్‌లో ఇనుప ఉత్ప్రేరకంతో మొదటి కర్మాగారం పనిచేయసాగింది. మన కాకినాడలోనూ రామగుండంలోనూ యూరియాకు మూలమైన అమ్మోనియా ఇదే పద్ధతిలో పుట్టింది. ఇనుము మీద నత్రజని నిజంగా పరమాణువులుగా విరుగుతుందా అన్న వివాదం మాత్రం 1970ల దాకా తేలలేదు. గాలి ఒత్తిడిలో నూరు కోట్లో వంతు ఉన్నా సరే, లోహం కొద్దిసేపటికే మురికిపడుతుంది కనుక, అంతకన్నా మెరుగైన శూన్యం సాధించే యంత్రాలు వచ్చేదాకా శాస్త్రజ్ఞులు ఆగవలసి వచ్చింది. ఆ యంత్రాలతో గెర్హార్డ్ ఎర్టల్ వివాదాన్ని తేల్చారు. విరగడమే నిజం, అదే అన్నిటికన్నా కష్టమైన మెట్టు. పది లక్షల సార్లు తాకితే ఒకటి రెండు సార్లకు మించి విరగదు; తక్కినవన్నీ చెదిరిపోయేవే. 2007 అక్టోబరు 10న, తన 71వ పుట్టినరోజు నాడు, ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఇక సీసం దగ్గరికి వద్దాం. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ, పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే ద్రవాన్ని కొద్దిగా కలిపితే ఇంజను కొట్టుకోవడం ఆగుతుందని కనుగొన్నారు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలో ఆ ద్రవాన్ని తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు మతి చెలించి మరణించారు. ఇంకా పలువురు ఆసుపత్రి పాలయ్యారు. 1925లో ప్రభుత్వం జరిపిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్ వంటి వైద్యులు హెచ్చరించారు. ఎవరూ వినలేదు. ఆ తరవాత అర్ధశతాబ్దం పాటు ప్రపంచంలోని ప్రతి నగరపు వీధిలోనూ సీసం పొగగా వెలువడింది, పిల్లల ఊపిరిలోకీ, ఆడుకునే మట్టిలోకీ, నోట్లో పెట్టుకునే వేళ్ళ మీదికీ చేరింది.

సీసం శరీరంలో చేసే పనిని చూడండి. హీమోగ్లోబిన్ తయారీలో భాగం పంచుకునే ఒక ఎంజైములో జింకు ఉంటుంది. సీసం ఆ జింకును తోసివేసి ఆ చోట తాను కూర్చుంటుంది, ఎంజైము ఆగిపోతుంది. రక్తహీనత వస్తుంది. మెదడు ఎదిగే వయసులో అంతకన్నా పెద్ద నష్టం. హెర్బర్ట్ నీడిల్‌మన్ 1979లో పిల్లల పాలపళ్ళలో సీసాన్ని కొలిచి, పైకి ఏ జబ్బూ కనిపించని పిల్లల్లో కూడా సీసం ఎక్కువైతే తెలివితేటలు, ఏకాగ్రత తగ్గుతున్నాయని చూపారు. అంతకు 14 ఏళ్ళ ముందే క్లేర్ పాటర్సన్ అనే భూరసాయన శాస్త్రజ్ఞుడు, మనం సహజమని భావిస్తున్న సీసం మోతాదు సహజం కానేకాదని రాశారు. ఇంత సీసం లోకంలో చేరడానికి మనిషే కారణమని ఆయన వాదం.

వైద్యుల మాట నెగ్గలేదు. నెగ్గినది ప్లాటినం. లాస్ ఏంజిలస్ నగరాన్ని కమ్మిన పొగమంచు కార్ల చలవేనని 1950ల తొలినాళ్ళలో తేలింది. యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు అప్పటికి అమెరికాలో స్థిరపడి ఉన్నారు. కారు పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక కన్వర్టరుకు ఆయన 1950ల మధ్యలో పేటెంటు పొందారు. అది పనిచేసింది, కానీ ఎక్కువ కాలం నిలవలేదు. పెట్రోలులోని సీసం మండి, పొగతో వచ్చి ఉత్ప్రేరకం మీద పేరుకుని, గడులన్నీ కప్పేసింది. రసాయన శాస్త్రజ్ఞులు దీన్ని ఉత్ప్రేరకానికి విషం ఎక్కడం అనే అంటారు. మా భాషలోని మాటే, అర్థమూ మా అర్థమే.

1970లో అమెరికా గాలి స్వచ్ఛత చట్టం 1975 నాటికి కార్ల కాలుష్యాన్ని 90 శాతం తగ్గించాలని శాసించింది. ప్లాటినం జాతి లోహాలు పూసిన కన్వర్టరు లేకుండా అది సాధ్యం కాదు. కన్వర్టరు ఉండాలంటే పెట్రోలులో సీసం ఉండరాదు. కాబట్టి 1974 జులై నుంచి పెద్ద బంకులన్నిటిలో సీసం లేని పెట్రోలు అమ్మి తీరాలని నిబంధన వచ్చింది. దాని ఉద్దేశం ఉత్ప్రేరకాన్ని కాపాడటం. పిల్లల ఆరోగ్యం పేరిట సీసాన్ని తగ్గించే నిబంధన వేరుగా ఉన్నది. ఆ నిబంధన 1976 దాకా న్యాయస్థానాల్లో నలిగింది. సీసం కలపడం తన పరిశోధనశాలలోనే పుట్టిన జనరల్ మోటార్స్ సంస్థే ఇప్పుడు సీసం వద్దని అడిగింది. 1976కూ 1980కీ మధ్య అమెరికా ప్రజల రక్తంలో సీసం సగటున సుమారు 37 శాతం పడిపోయింది. పెట్రోలులో సీసం వాడకం తగ్గిన గీతా, రక్తంలో తగ్గిన గీతా ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. ఆ గీతలు రెండూ చూసిన తరవాత సీసం వ్యాపారుల వాదానికి కాళ్ళు మిగలలేదు.

మన దేశంలో 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో, కొత్త కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేస్తూ, వాటి కోసమే సీసం లేని పెట్రోలు ప్రవేశపెట్టారు. దేశమంతటికీ అది 2000 ఫిబ్రవరికి గాని రాలేదు. ఆ ముందరి సంవత్సరాల్లో స్కూటరు మీద ఆసుపత్రికి పోతూ, కూడలిలో ఆగినప్పుడు ముందున్న వాహనం పొగ పీల్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చదువులో వెనకబడుతున్నాడని తల్లి తీసుకువచ్చిన పిల్లవాడికి నేను నులిపురుగుల మందు రాశాను, కళ్ళు చూపించమన్నాను. రక్తంలో సీసం చూడాలన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ప్రపంచంలో కార్లకు సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా. 2021 జులైలో అక్కడా ఆగిపోయింది.

మీ కారు కింద ఉన్న స్టీలు డబ్బాలో తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. దాని గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం అతి పలుచగా పూసి ఉంటాయి. రోడియం మీద నైట్రిక్ ఆక్సైడ్ విరిగి, నత్రజని పరమాణువులు జంటకట్టి మామూలు గాలిగా ఎగిరిపోతాయి. ప్లాటినం మీద ప్రాణవాయువు విరిగి, కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. అయితే ఇదంతా డబ్బా 250, 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిన తరవాతి మాట. చలికాలపు ఉదయం ఇంజను వేసిన తొలి నిమిషాల్లో, లాంగ్‌మ్యూర్ 1922లో చెప్పినట్టే, చల్లని ప్లాటినం గడులను కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమించుకుని ఉంటుంది. కన్వర్టరు ఉన్నదే కదా అని మూసిన షెడ్డులో కారును వేడెక్కనిచ్చేవారు, ఆ నిమిషాల్లో పొగగొట్టం నుంచి వచ్చేది ఆనాటి బాలింత గదిలో కుంపటి నుంచి వచ్చిన వాయువేనని గుర్తించాలి. ముందు తలుపు తెరవండి, కారును బయటికి తీసిన తరవాతే వేడెక్కనివ్వండి.